తుప్పు పోవాలి, ఉక్కు మిగలాలి: పాత కత్తిని మళ్లీ వాడకంలోకి తెచ్చుకునే పద్ధతి

వరంగల్ చుట్టుపక్కల ఏ పాత ఇల్లు సర్దినా అటక మీదనో, గుమ్మి వెనకనో ఒక నల్లటి కత్తి బయటపడుతుంది. పిడి వదులైపోయి ఉంటుంది. వెన్ను మీద ఎర్రటి చిలుము పెచ్చులు కట్టి ఉంటుంది. చాలామంది దాన్ని పాత సామాన్ల బండికి తూకానికి వేసేస్తారు. కొందరు ఉత్సాహం కొద్దీ కరెంటు గ్రైండర్ పెట్టి అద్దంలా మెరిపిస్తారు. నన్నడిగితే మొదటివాళ్లకంటే రెండోవాళ్ల వల్లే కత్తికి ఎక్కువ చేటు. తుక్కుకు పోయిన ఇనుము కరిగి ఇంకేదో అవుతుంది. గ్రైండర్ వేడికి నీలం తిరిగిన అంచు మాత్రం చూడ్డానికి కత్తిలా ఉంటుంది గానీ పదును నిలవదు.

ఈ పనిలో గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే, తీసేసిన ఉక్కు మళ్లీ రాదు. కాబట్టి ఎంత తక్కువ అరగదీస్తే పని జరుగుతుందో అంతవరకే అరగదీయాలి. మామూలుగా తుప్పు పట్టిన కత్తికి ఒక పూట పడుతుంది. పిడి కూడా మార్చాలంటే జిగురు ఆరడానికి ఒక రాత్రి కలుపుకోండి.

అది ఏ ఉక్కు?

ఇప్పుడు షాపుల్లో దొరికే స్టెయిన్‌లెస్ కత్తుల్లో కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉంటుంది. అది పైన కంటికి కనపడని పొర కట్టి తుప్పును ఆపుతుంది. పాత కత్తుల్లో ఆ క్రోమియం ఉండదు. ఇనుము, అందులో అర శాతం నుంచి ఒక శాతం దాకా కార్బన్, ఇంకా కొద్దిగా మాంగనీసు లాంటివి, అంతే. అందుకే తడి తగిలితే తుప్పు పడుతుంది. అందుకే రాయి మీద త్వరగా పదునెక్కుతుంది కూడా.

అయస్కాంతం పెట్టి చూస్తే తేలదు, ఎందుకంటే వంటింటి స్టెయిన్‌లెస్ కత్తులు చాలావరకు అయస్కాంతానికి అతుక్కుంటాయి. దానికంటే నిమ్మరసం నయం. బ్లేడు మీద ఒక చోట శుభ్రంగా గీకి, ఒక చుక్క వేసి పది నిమిషాలు వదిలేయండి. తుడిచాక బూడిద రంగు మచ్చ మిగిలితే అది కార్బన్ స్టీలో, మామూలు ఇనుమో అయి ఉంటుంది.

ఆ రెండింటిలో ఏదో తేల్చడానికి ఆకురాయి కావాలి. అంచుకు దగ్గరగా కొత్త ఆకురాయిని మెల్లగా ఒకసారి లాగి చూడండి. జారిపోతున్నట్టు, గాజు మీద గీస్తున్నట్టు అనిపిస్తే ఉక్కు గట్టిది. కొద్దిగా పట్టి వదిలితే వంటకత్తికి సరిపడా గట్టిదనం ఉన్నట్టే. వెన్నలా దిగిపోతే అది కాల్చి గట్టిపరచని మెత్తటి ఇనుప పట్టీ. దాన్ని తుడిచి గోడకు తగిలించుకోవచ్చు గానీ గంటలకొద్దీ నూరడం దండగ, రెండు ఉల్లిగడ్డలు కోసేసరికి అంచు వాలిపోతుంది.

ఇక్కడ ఒక మాట. ఉత్తర తెలంగాణ ఉక్కు ఒకప్పుడు ప్రపంచానికి తెలిసిన సరుకే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి ఉక్కు ముద్దలు తీసేవారు. ఆ పద్ధతిని స్వయంగా చూసిన బ్రిటిష్ భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయ్సీ రాసిన వివరణ 1832లో అచ్చయింది. ఇరాన్ వర్తకులు అక్కడిదాకా వచ్చి కొనుక్కుపోయేవారని అందులో ఉంది. ఇది విని, ఇంట్లో దొరికిన ప్రతి నల్లకత్తినీ ఆ ఉక్కే అనుకునేవాళ్లు, అలా చెప్పి అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. ఊరి కమ్మరి కొట్టిచ్చిన వంటకత్తి చాలాసార్లు లారీ కమాను పట్టీ నుంచి వచ్చిందే. అదేం చిన్నతనం కాదు. కమాను పట్టీ మంచి స్ప్రింగు ఉక్కు, కత్తికి బాగా పనికొస్తుంది. అయితే ఒరతో సహా దొరికిన బాకో, చెక్కడాలున్న పాత ఆయుధమో అయితే కింద చెప్పే పనులేవీ దాని మీద చేయకండి. పొడి గుడ్డతో తుడిచి, తెలిసినవాళ్లకు చూపించండి.

బాగుచేయదగ్గదేనా?

పిడి పట్టుకుని కత్తిని వేలాడదీసి వెన్ను మీద గోటితో కొట్టండి. ఖంగుమని మోగితే మంచిదే. చప్పగా, పగిలిన కుండలా మోగితే ఎక్కడో బీట ఉండొచ్చు, లేదా పిడి వదులై ఉండొచ్చు. పిడి తీశాక మళ్లీ కొట్టి చూడండి. అంచు నుంచి వెన్ను వైపు పాకిన బీట కనిపిస్తే ఆ కత్తిని వదిలేయాల్సిందే. కోస్తున్నప్పుడు ముక్క ఎగిరితే కంటికి ప్రమాదం.

తుప్పు తిని పడ్డ గుంటలు వెన్ను మీద, మధ్యలో ఉంటే పట్టించుకోనక్కర్లేదు. అంచు దగ్గర లోతుగా ఉంటేనే ఇబ్బంది, ఎంత నూరినా ఆ గుంట దగ్గర అంచు రంపంలా మిగిలిపోతుంది. అలాంటప్పుడు గుంటలు దాటేదాకా అంచును వెనక్కి తీసుకెళ్లాలి. అప్పుడు కత్తి వెడల్పు ఎంత మిగులుతుందో ముందే స్కెచ్ పెన్నుతో గీసి చూసుకోండి.

చిన్న వంపును చేత్తో సరిచేయాలని చూడకండి. కాల్చి గట్టిపరచిన ఉక్కు వంగినట్టే వంగి టక్కున విరుగుతుంది. అది కమ్మరి పని.

తుప్పు తీయడం

సామాను ముందే పెట్టుకోండి. వెనిగర్ లేదా నిమ్మ ఉప్పు, తినే సోడా, పాత టూత్‌బ్రష్, సన్నటి స్టీలు పీచు, 220, 400, 600 నంబర్ల వాటర్ పేపర్, ఒక చెక్కముక్క, రెండు పొడి పాత గుడ్డలు. ఇవన్నీ కిరాణా కొట్లో, పెయింట్ల షాపులో దొరికేవే. మొద్దు కత్తి కూడా తెగుతుంది కాబట్టి పని మొదలుపెట్టేముందు అంచు మీద మందపాటి టేపు అంటించండి. ముక్కుకు మాస్కు, చేతులకు గ్లౌజులు వేసుకోండి. తుప్పు గీరుకుంటేనే ధనుర్వాతం రాదు, మట్టిలో ఉండే క్రిమి వల్ల వస్తుంది. కానీ అటక మీది కత్తికి మట్టి అంటకుండా ఉండదు. టీటీ ఇంజెక్షన్ వేయించుకుని చాలా ఏళ్లైతే ఆ సంగతి ముందు చూసుకోండి.

మొదట సబ్బు, వేడినీళ్లతో జిడ్డు వదలగొట్టండి. ఏళ్ల తరబడి పేరుకున్న నూనె, పసుపు పొర కింద ఆమ్లం పనిచేయదు. చాలామంది ఇది వదిలేసి వెనిగర్ పనిచేయట్లేదంటారు. తర్వాత పెచ్చులుగా లేచిన తుప్పును పాత స్టీలు గరిటె అంచుతో గీకేయండి.

తుప్పు పలుచగా ఉంటే ఆమ్లం అవసరమే లేదు. రెండు చుక్కల నూనె వేసి స్టీలు పీచుతో రుద్దితే వచ్చేస్తుంది. అలా రాకపోతేనే నానబెట్టడం.

నిమ్మ ఉప్పు అయితే లీటరు గోరువెచ్చటి నీళ్లకు 50 గ్రాములు. వెనిగర్ అయితే అలాగే వాడండి, నీళ్లు కలపొద్దు. కత్తి పట్టేంత ప్లాస్టిక్ ట్రేలో పోసి, పిడి బయట ఉండేలా బ్లేడు ముంచండి. అల్యూమినియం గిన్నె వాడొద్దు. పిడి వల్ల ముంచడం కుదరకపోతే వెనిగర్‌లో తడిపిన గుడ్డ బ్లేడుకు చుట్టి పైన ప్లాస్టిక్ కవర్ కట్టండి. కాసేపట్లో సన్నటి బుడగలు లేస్తాయి. ఆమ్లం తుప్పును కరిగించాక ఉక్కును కూడా తినడం మొదలుపెడుతుంది. అందుకే రాత్రి నానబెట్టి పొద్దున చూద్దాం అనే పద్ధతి నాకు నచ్చదు. అరగంటకోసారి తీసి, బ్రష్‌తో రుద్ది, చూసి, అవసరమైతే మళ్లీ ముంచండి. చాలా కత్తులకు రెండు గంటలు ఎక్కువే.

బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం వద్దు. తుప్పు నిమిషాల్లో పోతుంది నిజమే, దానితోపాటు ఉక్కు కూడా గుంటలు పడుతుంది. పొగ ఊపిరికి మంచిది కాదు, ఆ గదిలో ఉన్న మిగతా ఇనుప సామానుకు కూడా మర్నాటికి తుప్పు వస్తుంది.

తీసిన వెంటనే కుళాయి కింద కడిగి, లీటరు నీళ్లలో ఒక చెంచా తినే సోడా కలిపి అందులో ఐదు నిమిషాలు ఉంచండి. మిగిలిన ఆమ్లం చచ్చిపోతుంది. బయటికి తీసిన క్షణం నుంచి తొందర మొదలవుతుంది. ఒట్టి ఉక్కు తడిగా ఉంటే కళ్లముందే నారింజ రంగు తిరుగుతుంది. గుడ్డతో గట్టిగా తుడిచి, ఎండలోనో హెయిర్ డ్రయ్యర్ కిందో ఆరబెట్టి, పలుచగా నూనె రాయండి.

ఇప్పుడు కత్తి ముదురు బూడిద రంగులో, అక్కడక్కడ నల్లటి మచ్చలతో కనిపిస్తుంది. తెల్ల గుడ్డకు నూనె అద్ది తుడవండి. గుడ్డకు నారింజ రంగు అంటితే ఇంకా తుప్పు ఉన్నట్టు. ఏమీ అంటకపోతే ఆ నలుపు తుప్పు కాదు, ఇనుము మీద గట్టిగా కూర్చున్న ఇంకో రకం పొర. ఎర్ర తుప్పు ఉబ్బి పెచ్చులూడి లోపలికి దారి ఇస్తుంది. నల్ల పొర అలా ఊడదు, కింది ఉక్కును కొంతవరకు కాపాడుతుంది. దాన్ని గీకి తీసేయడమంటే కత్తి ఇన్నేళ్లలో సంపాదించుకున్న కోటును మనమే ఊడదీయడం.

గరుకుగా అనిపిస్తే వాటర్ పేపర్ అందుకోండి. చెక్కముక్కకు చుట్టి, నీళ్లలో తడిపి, పిడి నుంచి మొన వైపు ఒకే దిశలో లాగండి. అడ్డంగా రుద్దితే గీతలు పడి, వాటిలో తేమ చేరుతుంది. 220తో మొదలుపెట్టి 400, తర్వాత 600. అక్కడితో ఆపండి. అంతకంటే నునుపు చేస్తే అందంగా ఉంటుందే గానీ కోతకు ఒరిగేదేమీ లేదు, పైగా కోసిన తడి ఆలుగడ్డ ముక్కలు నున్నటి బ్లేడుకు మరీ అతుక్కుంటాయి. బ్లేడు మీద కమ్మరి కొట్టిన గుర్తో, ఇంటిపేరు అక్షరాలో ఉంటే ఆ చుట్టుపక్కల పేపర్ పెట్టకండి.

పిడి

కొద్దిగా వదులైన పిడికి పెద్ద మందు అక్కర్లేదు. పిడి లోపలికి దిగే ఇనుప తోకను బయటికి లాగి, తుప్పు తీసి, రంధ్రంలో అరల్డైట్ నింపి మళ్లీ దింపండి. రాత్రంతా కదలకుండా కట్టి పెట్టండి. పిడి ముందు భాగంలో ఉండే లోహపు పొన్ను పగిలితే తప్పకుండా మార్చండి, పిడి చీలకుండా పట్టి ఉంచేది అదే. సరిపోయే ఇత్తడి పైపు ముక్క కోయించి వేసుకోవచ్చు.

కొత్త పిడికి తుమ్మ కర్ర బాగుంటుంది. గట్టిది, మన దగ్గర గొడ్డళ్లకు, పారలకు వాడేదే. వడ్రంగి దగ్గర ముక్క అడిగితే దొరుకుతుంది, కానీ బాగా ఎండినదై ఉండాలి. పచ్చి కర్రకు పిడి చేస్తే ఎండాకాలం రాగానే ముడుచుకుని మళ్లీ వదులవుతుంది. చివరగా అవిసె నూనె రెండు మూడు సార్లు, ఆరనిచ్చి ఆరనిచ్చి పట్టించండి. నూనె అద్దిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండగా ఉంటే దానంతట అదే అంటుకునే ప్రమాదం ఉంది. పరిచి ఆరేసి తర్వాత పారేయండి.

పాత పిడి నచ్చితే దాన్నే ఉంచండి. చేతికి అరిగి అరిగి కుదిరిన పిడికి కొత్తది అంత త్వరగా సరితూగదు.

పదును: ఇక్కడ తీరిక కావాలి

రాయి. హార్డ్‌వేర్ షాపులో దొరికే రెండు వైపుల కార్బొరండం రాయి చాలు, ఒక వైపు గరుకు, ఒక వైపు నునుపు. వీలైతే వెయ్యి నంబరు నీటి రాయి ఇంకొకటి. ఇంట్లో పాత సానరాయి ఉంటే ముందు దాని మీద ఒక స్కేలు నిలబెట్టి చూడండి. మధ్యలో గుంట ఉంటుంది. గుంట రాయి మీద అంచు నిటారుగా రాదు. సిమెంటు గచ్చు మీద తడి ఇసుక చల్లి, రాయిని బోర్లించి గుండ్రంగా రుద్దితే సమం అవుతుంది. కొంచెం ఓపిక పట్టాలి. రాయికి ఒకసారి నూనె వాడితే ఇక ఎప్పుడూ నూనే, నీళ్లు పట్టవు. కొత్త రాయి అయితే నీళ్లతోనే మొదలుపెట్టండి, శుభ్రంగా ఉంటుంది. బుడగలు ఆగేదాకా నానబెట్టి, తడి గుడ్డ మీద పెడితే జరగదు.

కోణం. అందరూ డిగ్రీలు చెబుతారు, చేతికి డిగ్రీలు తెలియవు. నేను వాడే లెక్క ఇది: బ్లేడు వెడల్పులో మూడో వంతు ఎత్తు వెన్నును లేపితే సుమారు 20 డిగ్రీలు వస్తుంది. నాలుగో వంతు లేపితే 15కు కాస్త తక్కువ. 45 మిల్లీమీటర్ల వెడల్పు కత్తికి 15 మిల్లీమీటర్లు, అంటే దాదాపు చిటికెన వేలి మందం. కూరగాయల కత్తికి 15 నుంచి 20 డిగ్రీలు. యాట మాంసం, ఎముకలు, మామిడికాయ టెంకలు కొట్టే బరువు కత్తికి 25 దాకా పోవచ్చు. సన్నటి అంచుతో టెంక కొడితే గాటు పడుతుంది, ఆ తప్పు కత్తిది కాదు.

మొదట అంచు పొడవునా రెండు వైపులా స్కెచ్ పెన్నుతో రంగు వేయండి. రాయి మీద మూడు నాలుగు సార్లు లాగి చూడండి. రంగు సరిగ్గా అంచు దాకా పోతే మీ కోణం కుదిరినట్టు. పైన మాత్రమే పోతే వెన్నును ఇంకా లేపాలి. అంచు కొసన మాత్రమే పోతే మరీ లేపారని అర్థం.

గరుకు వైపున మొదలుపెట్టండి. కుడిచేత్తో పిడి, ఎడమచేతి రెండు వేళ్లు బ్లేడు మీద, అంచుకు దగ్గరగా. ముందుకు తోసేటప్పుడు కాస్త ఒత్తిడి, వెనక్కి లాగేటప్పుడు తేలిక. వేళ్లు ఎక్కడుంటే అక్కడే అరుగుతుంది కాబట్టి పిడి దగ్గర నుంచి మొన దాకా వేళ్లను జరుపుతూ పోండి. మొన దగ్గర వంపు వస్తుంది, అక్కడ మోచేయి కొద్దిగా పైకి లేపితే కోణం మారదు. చాలా కత్తులు మొన దగ్గరే మొద్దుగా మిగిలిపోయేది ఈ చిన్న కదలిక లేకే. రాయి మీద నల్లటి బురద పేరుకుంటుంది. కడిగేయకండి, అది కూడా నూరుతుంది.

ఎప్పుడు ఆపాలి? నూరుతున్న వైపుకు ఎదురు వైపున, వెన్ను నుంచి అంచు బయటికి బొటనవేలు మెల్లగా జరిపి చూడండి. అంచు వెంబడి కాదు, అంచుకు అడ్డంగా. సన్నటి గరుకు వేలికి తగులుతుంది. అంచు మరీ పలుచబడి అవతలికి మడత పడిందన్నమాట. ఆ గరుకు పిడి నుంచి మొన దాకా ఎడతెగకుండా తగలాలి. ఎక్కడ తగలకపోతే అక్కడ ఇంకా నూరాలి. అప్పుడే రెండో వైపు తిప్పండి. ఈ గరుకు రాకముందే వైపులు మార్చుతూ పోవడం వల్లే గంట నూరినా కత్తి తెగదు.

రెండు వైపులా వచ్చాక నునుపు రాయి మీద అదే కోణం, సగం ఒత్తిడి. చివర్లో అటొకటి ఇటొకటి, కత్తి బరువు తప్ప ఇంకేమీ వేయకుండా. ఆ మడతను పూర్తిగా తీసేయడానికి పాత తోలు బెల్టునో, జీన్స్ గుడ్డ చుట్టిన చెక్కనో పెట్టుకుని వెన్ను ముందు, అంచు వెనక ఉండేలా లాగండి. సెలూన్‌లో గడ్డం కత్తిని తోలు పట్టీ మీద తిప్పేది చూశారు కదా, అదే దిశ.

కాగితం కోసి చూపించడం వీడియోలకు బాగుంటుంది. నాకు పండిన టమాటా మీద నమ్మకం. కత్తిని టమాటా మీద పెట్టి, నొక్కకుండా, ఒక్కసారి వెనక్కి లాగండి. తోలులోకి దిగితే పని అయినట్టే. లేదంటే కత్తిని లైటు కింద అంచు పైకి పట్టి చూడండి. మొద్దుగా ఉన్నచోట తెల్లటి మెరుపు గీతలా కనిపిస్తుంది. పదునైన అంచు వెలుతురును తిప్పికొట్టదు.

ఇంకొక సమస్య ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. టమాటా బాగానే కోస్తుంది, క్యారెట్ దగ్గరికొచ్చేసరికి ముక్క కోసినట్టు కాక టప్పున పగిలినట్టు విడిపోతుంది. పదును ఉంది, కానీ అంచు వెనక భాగం మందం. కత్తి వెన్ను దగ్గర మందం, అంచు దగ్గర పలుచ. ఏళ్ల తరబడి నూరగా నూరగా వెడల్పు తగ్గి, అంచు మందపాటి భాగంలోకి వచ్చి చేరుతుంది. పాత కత్తుల్లో చాలావాటికి ఇదే జబ్బు. మందు ఏమిటంటే, కత్తిని రాయి మీద దాదాపు పడుకోబెట్టి, వెన్ను రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే లేపి, అంచు పైన ఉన్న భుజాలను గరుకు రాయి మీద తగ్గించడం. అంచు వరకు వెళ్లొద్దు, ముందే ఆగాలి. నిదానమైన పని, చేతులు నొప్పి పెడతాయి, పైన ఉన్న నల్లపొర కొంత పోతుంది. అయినా ఇది ఉక్కు తీయడం తప్పనిసరి అయిన చోటు. చేశాక కత్తి బరువే మారినట్టు అనిపిస్తుంది.

అంచులో గాట్లు ఉంటే, చిన్నవైతే పట్టించుకోకండి. నాలుగైదు సార్లు నూరేసరికి వాటంతట అవే పోతాయి. ఒక్క గాటు కోసం అంచంతా రెండు మిల్లీమీటర్లు అరగదీయడం అన్యాయం.

సానబండి దగ్గర, కొలిమి దగ్గర

వీధిలో సైకిలు మీద సాన పట్టేవాళ్ల పనితనం మంచిదే. ఇబ్బంది అంతా పొడి చక్రం వేడితోనే. ఉక్కు 220 డిగ్రీలు దాటితే గడ్డి రంగు, 300 దగ్గరికి వస్తే నీలం తిరుగుతుంది. నీలం తిరిగిందంటే అక్కడ గట్టిదనం తగ్గింది. అంచు పలుచన కాబట్టి ఆ వేడి రెండు సెకన్లలో వచ్చేస్తుంది. అందుకే ముందే చెప్పండి, "అన్నా, నీళ్లల్ల ముంచుకుంట పట్టు, రంగు మారొద్దు." పక్కనే నీళ్ల డబ్బా పెట్టండి. అలవాటున్న మనిషి నొచ్చుకోడు. చక్రం మీద నిప్పురవ్వలు చూడటం కూడా మరవొద్దు. కొమ్మలు కొమ్మలుగా చీలి పువ్వుల్లా పగిలితే కార్బన్ బాగా ఉన్న ఉక్కు. సాగిన గీతల్లా పోతుంటే మెత్తటి ఇనుము.

వంపు, పెద్ద విరుపు, గట్టిదనం పూర్తిగా పోయిన కత్తి అయితే కమ్మరి దగ్గరికి పోవాల్సిందే. తొలకరికి ముందు కొడవళ్లు, నాగలి కర్రులతో వాళ్లకు తలతిప్పుకునే తీరిక ఉండదు. ఆ రోజులు తప్పించి, అంగడి లేని రోజు చూసుకుని వెళ్లండి. కొలిమిలో కాలిస్తే ఉక్కు పాత గట్టిదనం మొత్తం పోతుంది, మళ్లీ మొదటి నుంచీ తేవాలి. అయస్కాంతం అంటుకోనంత ఎర్రగా, అంటే 770 డిగ్రీలు దాటాక ఇంకొంచెం కాల్చి, చల్లార్చాలి. కమాను పట్టీకి నీళ్లకంటే నూనె భద్రం, నీళ్లలో ముంచితే బీట పడొచ్చు. చల్లార్చిన వెంటనే ఉక్కు గాజులా పెళుసుగా ఉంటుంది. 200 డిగ్రీల దగ్గర గంట రెండు గంటలు మళ్లీ వేడి చేస్తే పెళుసుదనం తగ్గుతుంది. కమ్మరి దీన్ని రంగు చూసి చేస్తాడు. ఈ రెండో వేడి ఇంట్లో ఓవెన్‌లో కూడా చేయొచ్చు, మొదటిది మాత్రం గ్యాస్ స్టవ్ మీద ప్రయత్నించకండి.

ఈలపీటకు తేడా

ఈలపీటలో కత్తి కదలదు, కాబట్టి రాయే కదలాలి. మడిచేదైతే మడతలో కాకుండా నిలబెట్టి, పీటను ఒక బరువు కింద బిగించి, వెనక వైపు నుంచి కూర్చోండి. అంచు మీ వైపు తిరిగి ఉండగా నూరకండి. చిన్న రాయిని చేత్తో పట్టుకుని, వేళ్లు అంచు కంటే కింద ఉండేలా చూసుకుని, వెన్ను నుంచి అంచు వైపు తుడిచినట్టు లాగండి. లోపలి వంపుకు వెడల్పు రాయి ఆనదు, గుండ్రటి సన్న రాయి కావాలి. కొబ్బరి తురిమే పళ్లను మూడు మూలల ఆకురాయితో ఒక్కొక్కటి విడిగా చేయాలి. పీటకూ కత్తికీ మధ్య మేకు దగ్గర నీళ్లు నిలిచి అక్కడే ఎక్కువ తుప్పు పడుతుంది. ఆ సందులో నెలకోసారి రెండు చుక్కలు నూనె వేయండి.

కక్కులున్న, అంటే అంచుకు రంపంలా పళ్లున్న కొడవలికి ఈ పద్ధతులేవీ పనికిరావు. కక్కు కొట్టడం కొలిమి దగ్గరి పనే.

రోజువారీ వాడకం

కొత్తగా శుభ్రం చేసిన కత్తితో మొదటి వారం ఉల్లిగడ్డ కోస్తే ముక్కలు నల్లబడతాయి, కూరకు ఇనుము వాసన తగులుతుంది. భయం లేదు. నల్లపొర కట్టుకున్న కొద్దీ అది తగ్గుతుంది. తొందరగా కావాలంటే చిక్కటి చాయ్ డికాషన్ చల్లార్చి, అందులో కొంచెం వెనిగర్ కలిపి, నూనె జిడ్డు లేని బ్లేడును గంటసేపు ముంచండి. ముదురు బూడిద రంగు తిరుగుతుంది. మాంసం కోస్తే కొన్నిచోట్ల నీలి ఛాయలు వస్తాయి. గ్రైండర్ వేడితో వచ్చే నీలం వేరు, ఇది పైపొర మాత్రమే.

కత్తిని సింకులో వదిలేయొద్దు. కడిగి, తుడిచి, ఆరబెట్టి పెట్టండి. ఇంట్లో నలుగురూ వాడే కత్తి అయితే ఈ మాట మీరు రోజూ చెప్పాల్సి వస్తుంది. పచ్చిమామిడికాయ తొక్కు పెట్టే రోజుల్లో మరీ జాగ్రత్త. పులుపు, ఉప్పు రెండూ కలిస్తే అరగంటలో ఎర్రమచ్చ వస్తుంది. కాయలు కొడుతూ మధ్యమధ్యలో తడిగుడ్డతో తుడిచి పొడిగుడ్డ అద్దుతూ ఉంటే చాలు.

గ్రానైట్ గట్టు మీద, స్టీలు పళ్లెంలో కోయకండి. కొత్త ఇళ్లలో పదును పోవడానికి మొదటి కారణం ఆ గట్టే. చెక్క పలక వాడండి.

రోజూ వాడే కత్తికి నూనె అవసరం లేదు. పక్కన పెట్టేదానికి రాయాలి. పల్లి నూనె, పొద్దుతిరుగుడు నూనె రాసి నెలలు వదిలితే బంకలా మారుతాయి. ఆముదం ఆరిపోదు, పలుచగా తుడిచి పెట్టొచ్చు. మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ అన్నిటికంటే శుభ్రం, చెడిపోదు, వాసన రాదు. తోలు ఒరలో పెట్టి నిల్వ చేయకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. నూనె రాసి కాగితంలో చుట్టి అంచుకు అట్టముక్క తొడిగి పెట్టండి. వానకాలంలో రెండు వారాలకోసారి విప్పి చూడండి, మచ్చ కనపడితే అప్పుడే స్టీలు పీచుతో రెండు సార్లు రుద్దితే పోతుంది.

రాయి మీదికి ఎప్పుడు మళ్లీ పోవాలంటే, టమాటా తోలు మీద కత్తి జారడం మొదలైనప్పుడు. ముందు బెల్టు మీద పది సార్లు లాగి చూడండి, చాలాసార్లు అంతటితోనే అంచు తిరిగొస్తుంది. రాకపోతే నునుపు రాయి. గరుకు వైపు ఏడాదికి ఒకటి రెండు సార్లు చాలు.